వరస తప్పిన నవల

పరమేశ్వరి నవలంటే చెవి కోసుకునేది. ఇది ఏదో వాడుకగా అంటున్న మాట కాదు. ఆ రోజుల్లో నవల కోసం ఆవిడకు మిగిలినవి చెవులే.

తిరువూరు బజారులో కాశీవిశ్వనాథంగారిది బట్టల కొట్టు. ముందు కొట్టు, వెనక ఇల్లు. ఆ ఇంటావిడ పరమేశ్వరి. కాపురానికి వచ్చిన నాటినుంచి మధ్యాహ్నం వంటింటి తలుపు దగ్గరగా వేయగానే పుస్తకం పట్టుకుని కూర్చోవడం ఆవిడకు అలవాటు. లైబ్రరీలో ఉన్న నవలలన్నీ రెండేసి సార్లు చదివేసింది. యాభయ్యో ఏడు దగ్గర పడేసరికి అక్షరాలు అలుక్కుపోయాయి. ఆ తర్వాత మనుషుల మొహాలు అలుక్కుపోయాయి. రెండు కళ్లకూ శుక్లాలు.

"ఇంకా ముదరలేదు, ముదిరాక రండి, తీసేస్తాను" అన్నాడు బెజవాడ డాక్టరు. ముదరడానికి ఇవేమన్నా బెండకాయలా అని ఆవిడ ఇంటికొచ్చి నవ్వింది. రెండేళ్లకు అవి ముదిరాయి. డాక్టరు రమ్మన్నాడు. అప్పట్నుంచి వాయిదాలు వేస్తున్నది ఆవిడే. ఒకసారి శూన్యమాసం అంది. ఒకసారి ఎండలు అంది. ఒకసారి ఏమీ అనకుండా గోడవైపు తిరిగి పడుకుంది. కత్తి అంటే భయం కాబోలని ఇంట్లోవాళ్లు అనుకున్నారు. భయం కాదు. తన కళ్లు పోవడం శిక్ష అని ఆవిడ నమ్మకం. చిన్నతనంలో చేసిన తప్పుకు దేవుడు తీరిగ్గా వేసిన శిక్ష. దాన్ని కోయించుకుని తప్పించుకుంటే అది ఇంకో తప్పవుతుందని లోపల్లోపల అనుకునేది. ఆ తప్పేమిటో కట్టుకున్నవాడికి కూడా చెప్పలేదు.

ఇక చదివిపెట్టే మనిషి కావాలి. కోడలు శ్యామలాదేవి చదివేది గానీ, ఆ పిల్ల చదువు పంచాంగ శ్రవణం. "నీవు లేని జీవితము నాకు వ్యర్థము" అని నాయకుడు గుండె బాదుకునే చోటు కూడా తిథి, వార, నక్షత్రాల గొంతుతోనే చదివేది. పేజీకి రెండు ఆవులింతలు. నాయిక చచ్చిపోయిన రోజున మూడు ఆవులించింది.

అలాంటి ఒక మధ్యాహ్నం, "చాల్లేవే, పోయి పడుకో" అని పరమేశ్వరి విసుక్కుంటుంటే వసారా చివరినుంచి అబీదా నోరు విప్పింది. అబీదా దర్జీ లాల్‌సాహెబు భార్య. కొట్టు అరుగు మీద ఇరవై ఏళ్లుగా లాల్‌సాహెబు కుట్టుమిషను ఉంది. కొట్లో గుడ్డ కొన్నవాళ్లు అరుగు మీదే కొలతలిచ్చి పోయేవారు. అబీదా మధ్యాహ్నం అతనికి అన్నం తెచ్చి, కాజాలు కుట్టాల్సిన చొక్కాలు తీసుకుని, వెలుతురు బాగుంటుందని వెనక వసారాలో కూర్చునేది.

"నా దగ్గరొక పుస్తకం ఉందమ్మగారూ. భలే నవ్వొస్తుంది. చదవమంటారా?" అంది.

"నీకు చదువొచ్చా?"

"మధిరలో అయిదో క్లాసు దాకా చదివానండి."

"మరి ఇన్నేళ్లూ చెప్పవేం?"

"మీరు అడగలేదు కదండి."

అబీదా చదువుతుంటే కాజాలు ఎవరు కుట్టాలన్న ప్రశ్న వచ్చింది. "నేను కుడతా, నేను కుడతా" అని శ్యామలాదేవి చొక్కాలు లాక్కుంది. చదవడం తప్పితే ఆ పిల్ల గడ్డపార పట్టమన్నా పడుతుంది.

మర్నాటినుంచి నవల మొదలైంది. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన రెండో ఏటి మాట ఇది. రేడియో ఉన్న ఇళ్లు ఊరు మొత్తం మీద వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పరమేశ్వరికి రేడియో లేని లోటే తెలియలేదు. ముందు చాట పెట్టుకుని, చింతపండులో గింజలు చేత్తో తడుముకుంటూ తీస్తూ, చెవులు రెండూ అబీదాకు అప్పగించేది.

కథ ఇది. జమీందార్ల ఇల్లొకటి. తాత పోయాక ఆ ఇంటి మధ్యలో గోడ లేచింది. గోడకు ఇవతల సుశీల, అవతల ఆమె మేనబావ ప్రసాదు. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ప్రాణం. పెద్దవాళ్లకు మాటల్లేవు. కారణం జామచెట్టు. మొదలు ఇటు ఉంది, కాయలన్నీ అటు కాస్తాయి. సుశీలను చూడాలని ప్రసాదు గడ్డం పెట్టుకుని వైద్యుడి వేషంలో వస్తాడు. ఘోషా ఇల్లు కాబట్టి రోగిని తలుపు చాటున ఉంచి, చేతికి దారం కట్టి, ఆ దారం కొస పట్టుకుని నాడి చూడమంటారు. సుశీల నాయనమ్మ గడుసుది. మనవరాలి చేతి దారం విప్పి, రుబ్బురోలు పొత్రానికి కట్టేస్తుంది. ప్రసాదు కళ్లు మూసుకుని చాలాసేపు దారం పట్టుకుని, "ఇంత నిలకడైన నాడి నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదు. మీ అమ్మాయి నూరేళ్లు బతుకుతుంది" అంటాడు.

ఆ చోట పరమేశ్వరి నవ్విన నవ్వు కొట్లోకి వినపడింది. కాశీవిశ్వనాథం గజంబద్ద కిందపెట్టి లోపలికొచ్చి చూశాడు. పాతికేళ్ల తర్వాత భార్య అంత నవ్వు నవ్వడం ఆయన వినడం అదే. ఆయన లౌక్యం తెలిసిన మనిషి. ఆ సందు చూసి, "ఈ నవల అయ్యాకైనా బెజవాడ వెళ్దామా?" అన్నాడు. నవ్వులో ఉన్న మనిషి "సరే, ఈ పిల్లల పెళ్లయ్యాక" అనేసింది. ఆయన ఆ పూటే పెనుగొలనులో ఉన్న బావమరిదికి కార్డు రాశాడు. పై గురువారం వచ్చి మీ చెల్లెలిని బెజవాడ తీసుకెళ్లాలి, నేను మర్నాటి బస్సుకు వస్తాను అని.

ఆ రోజునుంచి నవల ఒక్కొక్క పేజీ తరుగుతుంటే ఇంకెన్ని మిగిలాయని పరమేశ్వరి రోజూ అడిగేది. పెళ్లి కావాలి. పెళ్లయితే బెజవాడ వెళ్లాలి. అయినా ఆ పిల్లల పెళ్లి మీద ఆశ ఎంత పెరిగిందంటే, అది జరిగితే శివాలయంలో కొబ్బరికాయ కొడతానని మొక్కుకుంది. కాగితం మీద మనుషుల కోసం దేవుడికి మొక్కుకున్న మనిషిని తిరువూరు అంతకుముందు చూడలేదు.

అనుమానాలు రాకపోలేదు. సుశీల తండ్రి ఇల్లరికం వచ్చిన అల్లుడని అబీదా చెప్పింది. ఆ ఇల్లరికపు అల్లుడు గోడ మీదికెక్కి "మన నాన్న నాటిన చెట్టురా అది" అని ప్రసాదు తండ్రిని ఊరంతా వినేలా తిడతాడు.

"ఇల్లరికపువాడికి అంత నోరేమిటే? మన నాన్న అంటాడేమిటి? వాళ్ల మామగారు కదా?" అంది పరమేశ్వరి.

అబీదా కాస్త ఆగి, "మామగారిని నాన్నా అనే పిలిచేవాడండి. మంచివాడు" అంది.

ఆగడం అబీదాకు అలవాటే. ప్రతి వాక్యానికి ముందూ ఒక్క రెప్పపాటు ఆగేది. అది పుస్తకం మీది భక్తి అనుకుంది పరమేశ్వరి. ఇంకోసారి పుస్తకం చేతిలోకి తీసుకుని తడిమితే, కుట్టు ఉండాల్సిన వైపు అంచు, అంచు ఉండాల్సిన వైపు కుట్టు తగిలింది. తనే తిరగేసి పట్టుకున్నాననుకుని ఇచ్చేసింది. కళ్లు లేనివాళ్లు అన్నిటికీ తమనే తప్పుపట్టుకుంటారు.

సోమవారం నాడు చివరి ఘట్టానికి ముందు ఘట్టం. ప్రసాదుకు వేరే సంబంధం ఖాయం చేశారు. సుశీల ఇక లాభం లేదని గోడకు నిచ్చెన వేసి అవతలికి దూకింది. అక్కడ ప్రసాదు తండ్రి జామకాయ కొరుకుతూ నిలబడి ఉన్నాడు. పిల్ల ఆయన ఎదురుగా నిలబడి నోరు విప్పింది. అబీదాకు ఆ చోటంటే ప్రాణం. చదవబోతూనే ఆమెకు నవ్వొచ్చింది. ఆ నవ్వులో ఆగాల్సిన చోట ఆగలేదు.

"చిన్నాన్నా, జామకాయలన్నీ మీరే తినండి. నాకు మీ అబ్బాయినివ్వండి."

పరమేశ్వరి పకపకా నవ్వింది. నవ్వు సగంలో ఉండగా మొదటి మాట చెవిలోకి దిగింది. చింతపండు మీద చెయ్యి ఆగిపోయింది.

"ఏమన్నావు?"

"జామకాయలన్నీ మీరే తినండి అన్నానమ్మగారూ."

"దానికి ముందు."

"మామయ్యా అన్నానండి."

"నా కళ్లు పోయాయి గానీ చెవులు పోలేదు. చిన్నాన్నా అన్నావు."

కథలో మాట మార్చడం వేరు గానీ, మొహం మీద అడిగితే అబద్ధం అబీదాకు ఒక్క క్షణం కూడా నిలబడదు. ఇన్నాళ్లూ అడగనిది చెప్పలేదు, అంతే. ఇప్పుడు అడిగారు.

"ఇది ఉర్దూ పుస్తకమండి. మేం చదువుకునే రోజుల్లో మధిర నైజాం కింద ఉండేది కదా, బళ్లో ఉర్దూనే చెప్పారు. నాకు తెలుగు మాట్లాడ్డమే వచ్చు, చదవడం రాదు."

"మరి ఇన్ని రోజులూ తెలుగులో చదివావు కదే."

"చూసింది మనసులో తిప్పుకుని చెప్పేదాన్నండి. సల్మాని సుశీల చేశాను. ఫరీదుని ప్రసాదు చేశాను. సేమ్యాలు పరమాన్నం చేశాను. అన్నీ కుదిరాయి గానీ వరస ఒక్కటి కుదరలేదు. వాళ్ల నాన్నలు అన్నదమ్ములండి. మీరు వినరేమోనని నేనే మేనబావని చేశాను. అందుకని వాళ్ల నాన్నని ఇల్లరికం తేవాల్సొచ్చింది."

"అన్నాచెల్లెళ్లకా పెళ్లి?"

"మీకు అన్నాచెల్లెళ్లండి. మాకు కాదు." అబీదా గొంతు తగ్గింది. "మా ఆయన కూడా మా చిన్నాన్న కొడుకేనండి."

అరుగు మీదినుంచి లాల్‌సాహెబు మిషను చప్పుడు ఎప్పటిలాగే వినపడుతోంది. ఇరవై ఏళ్లుగా ఆ చప్పుడు వింటోంది పరమేశ్వరి. ఈ ఇంటి రవికలన్నీ అతని చేతిమీదివే. అతను, రోజూ అన్నం తెచ్చిపెట్టే తన భార్యకు అన్న వరస అని ఒక్కనాడూ అనుకోలేదు. అంతకన్నా అదిరిపోయిన సంగతి ఇంకోటుంది. తను ఆ పెళ్లి కోసం మొక్కుకుంది. చిన్నాన్న కొడుక్కీ పెదనాన్న కూతురికీ పెళ్లి జరగాలని, నోరారా, శివుడి ఎదుట.

"లేచి వెళ్లు. రేపట్నుంచి రాకు."

అబీదా పుస్తకం మూసింది. ఆమె మెట్లు దిగిన చప్పుడయ్యాక కూడా పరమేశ్వరి గుప్పిట్లో చింతపండు అలాగే ఉంది. చేతులకంటిన పులుపు కడుక్కోవాలని కూడా తోచలేదు.

ఆ సాయంత్రం మొగుడు లోపలికి రాగానే, "అన్నయ్యకు రావద్దని రాయండి. నేను బెజవాడ వెళ్లను" అంది.

"నవల అయిపోతే వెళ్తానన్నావుగా?"

"అది అవ్వదు."

దేవుడు తన సంగతి మర్చిపోలేదని ఆవిడకు తేలిపోయింది. లేకపోతే లోకంలో ఇన్ని కథలుండగా ఆ కథే వెతుక్కుంటూ తన వసారాలోకి ఎందుకొస్తుంది?

పరమేశ్వరి పుట్టిల్లు పెనుగొలను. మేనమామలది వినగడప. మేనమామ రెండో కొడుకు సీతారామాంజనేయులు, ఆమెకన్నా మూడేళ్లు పెద్ద. వాడికి ఈ పిల్లనివ్వాలని పుట్టిన నాడే అనుకున్నారు. నడక రాకముందే ఆమెను "వినగడప కోడలు" అని పిలిచేవారు. ఆమె బావా అనేది, అతను పరమేశ్వరీ అనేవాడు. బావ వచ్చాడంటే పరుగెత్తి తలుపు చాటుకు పోవడం, తలుపు సందులోంచి చూడటం. చూస్తే ఎవరూ ఏమీ అనేవారు కాదు, నవ్వేవారు. చూడాల్సిన మనిషే కదా.

ఆమెకు పదకొండో ఏట బాబాయికి పిల్లలు కలగరని తేలింది. ఆస్తి బయటికి పోకూడదని పెద్దవాళ్లు కూర్చుని ఆంజనేయులును దత్తు తీసుకుందామన్నారు. మగవాళ్లు తలలూపారు. ఒక మంచిరోజు చూసి పెనుగొలనులో దత్తహోమం చేశారు. ఉదయం పూట హోమగుండం ముందు కూర్చున్నది బావ. పన్నెండు గంటలకు లేచినది బాబాయి కొడుకు. ఇంటిపేరు మారింది, గోత్రం మారింది, వరస మారింది.

పంక్తి భోజనాల దగ్గర నాయనమ్మ నేతి గిన్నె పరమేశ్వరి చేతికిచ్చి, "అన్నయ్యకు వడ్డించు" అంది.

పిల్లకు ఎవరో అర్థం కాలేదు. నాయనమ్మ వేలు చూపించింది. పరమేశ్వరి ఆకు ముందు వంగింది. నెయ్యి ఆకు బయట పడింది. పద్నాలుగేళ్ల ఆ కుర్రవాడు తల ఎత్తకుండా, "చాలు చెల్లెమ్మా" అన్నాడు. అతనికీ ఎవరో నేర్పి కూర్చోబెట్టి ఉంటారు.

వరస మారడానికి ఒక్క పూట చాలింది. మనసు మారడానికి చాలలేదు. ఆ తర్వాత కూడా ఏడాదిపాటు తలుపు సందులోంచి చూసింది. ఇప్పుడది చూడకూడని చూపు. ఆ సంగతి ఆమెకు తెలుసు, తెలిసే చూసింది. పై ఏడు కాశీవిశ్వనాథంతో పెళ్లి జరిగినప్పుడు, హోమం దగ్గర అన్న వరసైనవాడు పెళ్లికూతురి దోసిట్లో పేలాలు పోయాలన్నారు. పోసింది ఆంజనేయులే. అతని మొహం వంక చూడకుండా పేలాల వంకే చూసింది. అప్పట్నుంచి కార్తీక సోమవారాలూ, ఉపవాసాలూ, ఎన్ని చేసినా ఆ ఏడాది చూపు మాత్రం కడుక్కోలేకపోయింది. కళ్లు మసకబారిన రోజున, ఓహో ఇందుకా అనుకుంది. నలభై ఏళ్ల తర్వాత ఒక నవల విని తను నవ్వింది, ఆ నవ్విన కథ కూడా అదే అయింది.

మంగళవారం మధ్యాహ్నం వసారా బోసిపోయింది. శ్యామలాదేవి వచ్చి, "నేను చదవనా అత్తయ్యా?" అని మాటవరసకు అడిగింది.

"అది ఉర్దూ పుస్తకమని నీకు తెలుసా?"

కోడలు గాజులు సర్దుకుంది. "మొదటి రోజే చూశానత్తయ్యా."

"చెప్పవేం?"

"చెబితే మళ్లీ నన్ను చదవమంటారని."

పరమేశ్వరికి కోపం రావాలి, రాలేదు. ఇంకా ఎంతమంది ఎన్ని దాచారో అనిపించింది. అందరికన్నా ఎక్కువ దాచింది తనే కాబట్టి నోరు మూసుకుంది.

పనేమీ లేక, వీధిలోకి తెరిచి ఉన్న చెవులతో కూర్చుంది. అరుగు మీద లాల్‌సాహెబు అన్నం తింటున్నాడు. పప్పులో ఉప్పు లేదన్నాడు. నోట్లో నాలుక లేదు నీకు, ఉప్పు నిండుగా ఉంది అంది అబీదా. అతను ఏదో గొణిగాడు, ఆమె ఫక్కున నవ్వింది. ఇరవై ఏళ్లుగా వింటున్న గొడవే అది. ఈసారి పరమేశ్వరి శ్రద్ధగా, చెవి రిక్కించి విన్నది, ఆ మాటల్లో పాపం ఎక్కడ వినపడుతుందా అని. ఉప్పు గురించి తప్ప ఏమీ వినపడలేదు.

బుధవారం లాల్‌సాహెబే వసారా మెట్ల దగ్గరికొచ్చి నిలబడ్డాడు. "అది తప్పు చేసిందమ్మా. చెప్పి చదవాల్సింది. మీరు క్షమించాలి. పైకి నవ్వుతోంది గానీ రెండ్రోజులుగా సరిగ్గా తినట్లేదు" అన్నాడు.

పరమేశ్వరి అతని గొంతు వైపు తిరిగి, "లాల్‌సాహెబూ, ఒకటి అడుగుతాను. పెళ్లికి ముందు ఆవిణ్ణి ఏమని పిలిచేవాడివి?" అంది.

ఆ ప్రశ్నకు అతను తెల్లబోయాడు. "అబీదా అనేనమ్మా."

"పెళ్లయ్యాక?"

"అబీదా అనే. పేరెందుకు మారుద్దమ్మా?"

అతనికి అది ప్రశ్నే కాదు. పరమేశ్వరికి మాత్రం పదకొండో ఏటి మధ్యాహ్నం నేతి గిన్నె మళ్లీ చేతిలోకి వచ్చినట్టయింది. ఒకే పిల్ల, ఒకే పిల్లాడు. ఒక ఇంట్లో తప్పయింది, అరుగు మీద తప్పు కాలేదు. తన ఇంట్లో కూడా ఉదయం తప్పు కాదు, మధ్యాహ్నానికి అయింది. మధ్యలో తను చేసిందేమిటి? ఏమీ చేయలేదు. నిలబడి ఉంది.

"ఆవిణ్ణి పంపు. పుస్తకం తెమ్మను" అంది.

పరమేశ్వరి చింతపండు చాట ముందుకు లాక్కుంది. అబీదా వచ్చి ఎప్పటి చోటులో కూర్చుంది. ఏదో చెప్పబోతే పరమేశ్వరి ఆపింది. "క్షమాపణలు తర్వాత. ఆ మిగిలిన ఘట్టం చదువు. ఈసారి ఏదీ మార్చకు. సల్మా అంటే సల్మా అను. చిన్నాన్న అంటే చిన్నాన్న అను. నేను వినగలను."

అబీదా చదివింది. సల్మా వాళ్ల చిన్నాన్న మొదట తెల్లబోయి, తర్వాత నవ్వి, చేతిలో జామకాయ పిల్ల చేతిలో పెట్టాడు. గోడకు దారి కొట్టారు. నాయనమ్మ తన పొత్రానికి దారం కట్టి, వైద్యుడుగారు వస్తే నాడి చూపించాలి అంది. పెళ్లి రోజు వచ్చింది. ఇద్దరు పెద్దమనుషులు సాక్షులతో లోపలికి వెళ్లి పెళ్లికూతుర్ని అడిగారు, ఫలానా ఫరీదును చేసుకోవడం నీకు ఇష్టమేనా అని. వాళ్ల మాట పూర్తి కాకముందే సల్మా "ఇష్టమే, ఇష్టమే, ఇష్టమే" అనేసింది. పెద్దవాళ్లు తలలు పట్టుకున్నారు. మూడుసార్లు మేం అడగాలి తల్లీ, అడక్కముందే చెబితే ఎలా అన్నారు.

పరమేశ్వరి నవ్వలేదు. "ఆగు. ఆ పిల్లని అడుగుతారా?"

"అడుగుతారండి. మూడుసార్లు."

"కథ కోసం రాశారా, నిజంగానా?"

"నిజంగానేనండి. పిల్ల ఒప్పుకోకపోతే పెళ్లే లేదు. సిగ్గుపడి గొణుగుతాం గానీ, అడగడం మటుకు అడుగుతారు."

"నిన్నూ అడిగారా?"

"అడిగారండి."

సోమవారంనాటి చిన్నాన్న మాట ఈ మాట ముందు దిగదుడుపు. దత్తహోమం రోజు నిన్ను చెల్లెలిని చేస్తున్నాం, ఇష్టమేనా అని పరమేశ్వరిని అడిగినవాళ్లు లేరు. పెళ్లి రోజు అడిగినవాళ్లు లేరు. అడగని దానికి తను నలభై ఏళ్లు తప్పు ఒప్పుకుంటూ వచ్చింది. కళ్లు పోతే అదీ ఒప్పుకుంది. ఆవిడకు ఏడుపొచ్చింది. చింతపండు చేతులతోనే కళ్లు తుడుచుకుని, మంటెత్తితే మళ్లీ ఏడ్చింది. అబీదా ఏమీ అడగకుండా లేచి వెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చింది.

గురువారం పొద్దున్నే పెనుగొలనునుంచి ఆంజనేయులు బండి కట్టుకుని వచ్చాడు. రావద్దని కాశీవిశ్వనాథం కార్డు రాయనే లేదు. ఆయన లౌక్యం సంగతి ముందే చెప్పాను కదా.

అతని మొహం చూసి పరమేశ్వరికి మూడేళ్లయింది. ఇప్పుడు కనపడేది తెల్లటి పంచె, దాని పైన ఒక మసక. గొంతు మాత్రం అదే గొంతు. మనిషి నెమ్మదస్తుడు. అరుగు మీద చెల్లెలి పక్కన కూర్చుని, "చెల్లెమ్మా, నీకిష్టం లేదని బావ ఇప్పుడే అన్నాడు. బలవంతంగా తీసుకెళ్లను. ఆపరేషన్ చేయించుకోవడం నీకు ఇష్టమేనా?" అన్నాడు.

పరమేశ్వరి తల వంచుకుంది. "ఇంకోసారి అడుగన్నయ్యా."

"ఇష్టమేనా అంటున్నా."

"ఇంకోసారి."

"చెవులు కూడా దెబ్బతిన్నాయా ఏంటి బావా?" అన్నాడతను కొట్లోకి తిరిగి. మిషను పక్కన అబీదా కాజా కుడుతున్న చొక్కా మొహానికి అడ్డం పెట్టుకుంది. ఆంజనేయులు మళ్లీ ఇటు తిరిగి, ఈసారి ఒక్కొక్క మాటా విడదీసి, "నీకు ఇష్టమేనా?" అన్నాడు.

"ఇష్టమే" అంది పరమేశ్వరి.

"ఆ ముక్క మొదటిసారే అనొచ్చుగా. మూడుసార్లు అడిగించుకున్నావెందుకు?"

"అప్పుడు ఒక్కసారి కూడా ఎవరూ అడగలేదు కదా, అందుకు" అంది.

ఎప్పుడని అతను అడగలేదు. సంచి అందుకున్నాడు. కాశీవిశ్వనాథం బస్సు దాకా వచ్చి, ముందు సీట్లో ఇద్దరినీ కూర్చోబెట్టి, టికెట్లు కొని, రేపు వస్తానని దిగిపోయాడు. బస్సు కదిలింది. ఊరు దాటేదాకా ఆంజనేయులు పలకలేదు. కోపమొచ్చిందేమో, అనకూడని మాట అన్నానేమో అని పరమేశ్వరి బిగుసుకుని కూర్చుంది. ఇన్నేళ్లూ కాపాడుకున్నది ఒక్క మాటతో ఒలకబోసుకున్నాననుకుంది.

చాలా దూరం పోయాక పక్కనుంచి అతని గొంతు వినపడింది.

"నన్ను కూడా అడగలేదు, పరమేశ్వరీ."

నలభై ఏళ్ల తర్వాత ఆవిడ ఆ గొంతులో తన పేరు విన్నది. కాసేపటికి అతను, గాలి ఎక్కువగా ఉందేమో, కళ్లకు మంచిది కాదని వంగి కిటికీ మూశాడు.